పక్కవాద్యంలో వణకని చెయ్యి: ఒక వయొలిన్ కళాకారిణి కేస్ స్టడీ

ఆమెకు ముప్పై దాటాయి. ఉత్తరాంధ్రలో ఒక సంగీత పాఠశాలలో వయొలిన్ పాఠాలు చెబుతారు, కర్ణాటక సంగీత కచేరీల్లో పక్కవాద్యం వాయిస్తారు. ఎవరో గుర్తుపట్టడానికి వీల్లేకుండా కొన్ని వివరాలు మార్చాను. రాయడానికి ఆమె ఒప్పుకున్నారు. చిత్తుప్రతి చదివి, సంగీతానికి సంబంధించిన మాటలు ఒకటి రెండు చోట్ల దిద్ది పంపారు కూడా.

నేను హిప్నోసిస్ కూడా వాడే మనస్తత్వ చికిత్సకురాలిని. నా దగ్గరకు వచ్చినప్పుడు ఆమె చెప్పిన సమస్య ఒక్క వాక్యం: "రాగం ఎత్తుకోగానే కమాను వణుకుతోంది మేడమ్." కమాను అంటే వయొలిన్ తంతుల మీద లాగే బద్ద.

ఎప్పుడు వణుకుతోంది, ఎప్పుడు వణకడం లేదు అన్నది తెలుసుకోవడానికే మొదట్లో చాలా సమయం వెచ్చించాను. ప్రదర్శన భయంతో వచ్చేవారితో ఈ విచారణ ఎంత వివరంగా చేస్తే చికిత్స అంత తేలికవుతుంది. కచేరీలో గాయకుడు ఆలాపన, అంటే తాళం లేకుండా రాగాన్ని విస్తరించడం, చేస్తున్నంతసేపూ వయొలిన్ ఆయన గొంతును నీడలా వెంటాడుతుంది. అప్పుడు వణుకు లేదు. కీర్తనలో లేదు. అప్పటికప్పుడు అల్లే కల్పనస్వరాల్లో, ఎంత వేగం పెంచినా, లేదు. ఆలాపన ముగించి గాయకుడు షడ్జం (స) మీద నిలిచి, ఇక మీ వంతు అన్నట్టు ఆమె వైపు చూస్తారు. అక్కడి నుంచి ఆ రాగాన్ని వయొలిన్ ఒంటరిగా పలికించాలి. మృదంగం మౌనంగా ఉంటుంది, వెనుక తంబుర ఒక్కటే. తొలి కార్వకు, అంటే ఒకే స్వరం మీద చాలాసేపు నిలవడానికి, కమానును ఈ చివర నుంచి ఆ చివరకు నిదానంగా లాగాలి. సరిగ్గా ఆ ఒక్క లాగుడులోనే చెయ్యి వణికేది. మైకు జానెడు దూరంలో ఉంటుంది కాబట్టి నాదం తునకలు తునకలుగా సభ అంతటికీ వినిపించేది.

ఇంట్లో ఒంటరిగా అదే రాగం, అదే కార్వ వాయిస్తే ఏ ఇబ్బందీ లేదు. కానీ ఫోనులో రికార్డింగు మొదలుపెట్టి ఎదురుగా పెట్టుకుంటే, ఇంట్లో కూడా వణుకు వచ్చేది. ఈ సంగతి ఆమె మాటల మధ్య యథాలాపంగా చెప్పి దాటిపోయారు. నేను మాత్రం రాసుకుని కింద గీత గీసుకున్నాను. మనుషులెవరూ లేకపోయినా ఫోను ఒక్కటే ఆ పరిస్థితిని తెచ్చిపెడుతోందంటే, సభను నా గదిలోకి తీసుకురావడానికి దారి దొరికినట్టే.

హిప్నోసిస్ కంటే ముందు వైద్యపరమైన ప్రశ్నలు తేలాలి. వణికే ప్రతి చెయ్యీ భయంతోనే వణకదు. థైరాయిడ్ ఎక్కువైతే చేతులు వణుకుతాయి. వంశపారంపర్యంగా వచ్చే వణుకు ఒకటి ఉంది, అందులో టీ కప్పు ఎత్తినా, చెంచా పట్టుకున్నా తేడా తెలుస్తుంది. సంగీత విద్వాంసులకు ప్రత్యేకంగా వచ్చే ఫోకల్ డిస్టోనియాలో వేళ్లు తమంతట తామే ముడుచుకోవడం, మాట వినకపోవడం ఉంటుంది. అది సాధారణంగా ఒంటరిగా వాయించినా వదలదు. ఈమెను న్యూరాలజిస్టు చూశారు, థైరాయిడ్ పరీక్ష జరిగింది. రెండు చోట్లా ఏ తేడా లేదన్నారు.

దొరికింది మరొకటి. ఆమెకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం. పందిళ్లలో దుమ్ము, పూజ జరిగే చోట సాంబ్రాణి పొగ పడవు. అందుకని వేదిక ఎక్కే ముందు సాల్బుటమాల్ ఇన్‌హేలర్ పీల్చేవారు. ఆయాసం లేకపోయినా, ముందు జాగ్రత్తగా. ఆ మందుకు గుండె దడ, చేతుల్లో సన్నని వణుకు తెలిసిన దుష్ప్రభావాలే. దానికి తోడు కచేరీకి ముందు గట్టి ఫిల్టర్ కాఫీ. ఇన్‌హేలర్ మానమని నేను చెప్పలేదు, చెప్పే అర్హతా నాకు లేదు. ఛాతీ వైద్యుడి దగ్గరకు తిరిగి పంపాను. ఆయన రోజూ వాడే నివారణ మందు మొదలుపెట్టి, సాల్బుటమాల్ ఎప్పుడు అవసరమో ఎప్పుడు కాదో స్పష్టంగా చెప్పారు. తోటి కళాకారుడొకరు ఆమెకు గుండె దడ, వణుకు తగ్గించే ప్రొప్రనలాల్ మాత్ర వేసుకోమని, తాను అదే వేసుకుంటానని సలహా ఇచ్చారట. కళాకారుల మధ్య ఈ మాత్ర చేతులు మారడం కొత్త కాదు. కానీ ఉబ్బసం ఉన్నవారిలో అది శ్వాసనాళాలను బిగించి ప్రాణం మీదకు తేగలదు. ఆమె వేసుకోకపోవడం అదృష్టం.

మందు మారాక దడ తగ్గింది, కమాను వణుకు మాత్రం పోలేదు. ఇక్కడి నుంచే నా పని.

వణుకు ఎలా మొదలైందో ఆమెకు బాగా గుర్తుంది. ఒక ఉత్సవ కచేరీ, దుమ్ము, రెండు మార్లు ఇన్‌హేలర్, ఆపైన తోడి రాగం. మొదటి కార్వ కొద్దిగా వణికింది. పక్కనున్న సీనియర్ గాయకుడు నవ్వుతూ మైకులోనే "వయొలిన్‌కు చలిజ్వరం వచ్చినట్టుంది" అన్నారు. ముందు వరసల్లో నవ్వులు. ఆయన దృష్టిలో అది చమత్కారం. ఆమె మాత్రం మర్నాటి నుంచి సాధన మార్చేశారు. అద్దం ముందు కూర్చుని కుడిచెయ్యి, మణికట్టు, మోచెయ్యి చూసుకుంటూ గంటల తరబడి ఖాళీ తంతుల మీద నిదానంగా కమాను లాగడం మొదలుపెట్టారు. పిల్లలకు తొలి నెలల్లో చెప్పే పాఠం అది. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న చెయ్యి మళ్లీ ఓనమాల దగ్గర కూర్చుంది.

కేసు మొత్తం నాకు అర్థమైంది ఈ అద్దం దగ్గరే. తేలిగ్గా జరిగిపోయే పనికి కాపలా పెడితే అది తడబడుతుంది. బ్యాంకులో గుమాస్తా పాత సంతకంతో పోల్చి చూస్తుండగా సంతకం పెట్టమంటే, రోజూ పెట్టే సంతకమే వంకర పోతుంది. ఈమె కష్టపడి, నిజాయతీగా, రోజూ గంటల తరబడి చేసిన సాధన అంతా ఆ కాపలాను బలపరిచే సాధనే. "ఇంత సాధన చేస్తున్నా తగ్గడం లేదు" అని ఆమె బాధపడేవారు. చేస్తున్నందువల్లే తగ్గడం లేదని ఆ రోజే అనలేదు. అప్పటికి ఆమెకున్న ధైర్యమంతా ఆ సాధనే. దాన్ని తీసేయాలంటే ముందు ఆ చోట పెట్టడానికి మరొకటి ఉండాలి.

ఆ మరొకటి ఆమె దగ్గరే ఉంది. గాయకుడి వెంట వాయిస్తున్నప్పుడు ఆమె ధ్యాస ఎక్కడ ఉంటుందని అడిగాను. కాసేపు ఆలోచించి, "గొంతు మీద. నా చెయ్యి ఉందన్న సంగతే గుర్తుండదు" అన్నారు. గాయకుడు ఆగిపోగానే వెంట వెళ్లడానికి గొంతు లేదు. ధ్యాస చేతి మీద వాలుతుంది. అయితే చేతిని బాగుచేయాల్సిన పని లేదు. ఒంటరిగా వాయించేటప్పుడు కూడా వెంట వెళ్లడానికి ఒక గొంతు ఉంటే చాలు. హిప్నోసిస్‌తో నేను చేయబోయింది అంతే. భయాన్ని తుడిచేస్తానని ఆమెకు మాట ఇవ్వలేదు. వేదిక మీద గుండె కొంచెం వేగంగా కొట్టుకోవడం జబ్బు కాదు.

ఆమె ముందే ఇంటర్నెట్‌లో వెతికి, రఖ్మానినోవ్ కథ నాకు పంపారు. అది వట్టి ప్రచారం కాదు, జరిగిందే. 1897లో తన మొదటి సింఫనీ ఘోరంగా విఫలమయ్యాక ఆ రష్యన్ స్వరకర్త రాయలేని స్థితిలో పడ్డాడు. 1900 తొలి నెలల్లో నికొలాయ్ దాల్ అనే డాక్టరు దగ్గర హిప్నోసిస్ చికిత్స తీసుకున్నాడు. తర్వాత రాసిన రెండో పియానో కాన్చెర్టోను ఆ డాక్టరుకే అంకితమిచ్చాడు. అయితే దాల్ స్వయంగా వయోలా (వయొలిన్ కంటే కాస్త పెద్ద వాద్యం) వాయించే సంగీతప్రియుడు, ఇద్దరూ సంగీతం గురించి చాలాసేపు మాట్లాడుకునేవారు. బాగుపడ్డది సూచనల వల్లనా, సంగీతం తెలిసిన మనిషి ఓపికగా విన్నందువల్లనా అన్నది విడదీసి చెప్పడం కష్టం. ఆమెకు ఇదే చెప్పాను. ప్రదర్శన భయానికి హిప్నోసిస్ మీద జరిగినవి చిన్న అధ్యయనాలే. భయపడే పరిస్థితిని మెట్లు మెట్లుగా ఎదుర్కొనే పద్ధతికి ఉన్నంత బలమైన ఆధారం దీనికి లేదు. అందుకే నేను రెండింటినీ కలుపుతాను. హిప్నోసిస్ ఆ మెట్లు ఎక్కడానికి తోడు మాత్రమే.

బాల్యంలోకి తీసుకెళ్లి మూలకారణం పట్టుకోమని కొందరు అడుగుతారు, ఈమె భర్త కూడా అడిగారు. నేను ఆ పని చేయను. హిప్నోసిస్‌లో గుర్తొచ్చే విషయాల మీద నమ్మకం పెరుగుతుంది, నిజం పెరగదు. లేని జ్ఞాపకాలు కూడా ఉన్నట్టే తోస్తాయి. వారాంతపు శిక్షణతో సర్టిఫికెట్టు తెచ్చుకుని పూర్వజన్మల దాకా వెళ్లే బోర్డులు మన ఊళ్లలో తక్కువేమీ లేవు. చేయించుకునేవారు ఎదుటి మనిషికి మనస్తత్వ చికిత్సలో గుర్తింపు పొందిన చదువు ఉందో లేదో ముందు అడగాలి.

సూచనలకు స్పందించే గుణం అందరిలో ఒకేలా ఉండదు. దాన్ని కొలవడానికి 1959లో వైట్‌జెన్‌హోఫర్, హిల్‌గార్డ్ అనే మనస్తత్వవేత్తలు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 12 అంశాల కొలబద్ద తయారుచేశారు. నేను క్లినిక్‌లో అంత పొడుగుది వాడను. చాచిన చెయ్యి బరువెక్కడం, రెండు అరచేతులు దగ్గరకు రావడం వంటి చిన్న పరీక్షలతో సరిపెడతాను. ఈమె మధ్యరకం. మామూలుగా చేసే "కళ్లు బరువెక్కుతున్నాయి" వరసకు పెద్దగా స్పందించలేదు. నేపథ్యంలో విశ్రాంతి సంగీతం పెట్టే అలవాటు చాలామంది చికిత్సకులకు ఉంది. సంగీతజ్ఞులకు అది పనికిరాదు. వాళ్లు విశ్రాంతి తీసుకోరు, రాగం పట్టుకుంటారు. వేణువు ఎక్కడ శ్రుతి తప్పిందో చెబుతారు.

కాబట్టి తంబురతోనే మొదలుపెట్టాను. తన తంబురను తానే శ్రుతి చేసి, రికార్డు చేసి తెచ్చారు. బాగా శ్రుతి కలిసిన తంబురలో మంద్ర షడ్జం తంతి మీటినప్పుడు, ఎవరూ మీటని అంతర గాంధారం (గ స్వరం) దానంతట అదే వినిపిస్తుంది. కళ్లు మూసుకుని ఆ గాంధారం కోసం వినమన్నాను. మొదట మందంగా, తర్వాత స్పష్టంగా, తర్వాత దానికదే దగ్గరవుతున్నట్టు. వినడం తప్ప మరే పనీ చేయనక్కర్లేదని చెప్పాను. రెండు మూడు నిమిషాల్లో ఊపిరి నెమ్మదించింది, కనురెప్పల కింద కదలిక ఆగింది, దవడ వదులైంది. నేను చెప్పే ఏ మాటకంటే ఆ గాంధారమే ఆమెను లోతుకు తీసుకెళ్లింది. ధ్యాస ఒకచోట నిలిచి, మిగతావన్నీ పక్కకు తప్పుకునే ఆ స్థితే హిప్నోసిస్. నిద్ర కాదు, స్పృహ తప్పడం అంతకంటే కాదు. వీధిలో పాలవాడి బండి హారన్ కూడా తనకు వినిపించిందని తర్వాత చెప్పారు.

ఆ స్థితిలో మొదట వయొలిన్ లేకుండా, కమాను ఒక్కటే పట్టుకుని గాలిలో లాగారు. ఆ వణుకును కావాలని తెప్పించమన్నాను. మానసిక వైద్యుడు విక్టర్ ఫ్రాంక్ల్ వాడిన ఉపాయం ఇది: తప్పించుకోవాలని చూసేదాన్ని కోరి పిలవడం. ఆమె ప్రయత్నించారు. చెయ్యి ఏదో ఊగింది కానీ అది ఆ వణుకు కాదు. ఇంకా గట్టిగా ప్రయత్నిస్తే నవ్వొచ్చింది. ఆ నవ్వు నాకు కావలసిందే. ఆమె అంతవరకూ ఆ వణుకును తన చేతిలో దాక్కున్న శత్రువులా చూసేవారు. పిలిస్తే రానిది అక్కడ కాపురముంటుందా?

తర్వాత అసలు సూచన. వణకవద్దు, భయపడవద్దు వంటి మాటలు వాడలేదు. వద్దన్న మాట కూడా వణుకు మీదకే ధ్యాసను పంపుతుంది. గాయకుడు చివరి షడ్జం మీద నిలిచిన క్షణాన్ని ఊహించుకోమన్నాను. ఆమె గుండె జారేది ఆ క్షణంలోనే. అక్కడ ఈ మాటలు చెప్పాను: "ఆ షడ్జం బయట ఆగుతుంది. మీ లోపల ఆగదు. లోపల ఒక గొంతు రాగాన్ని అందుకుంటుంది. అది ముందు వెళుతుంది. కమాను దాని వెంట వెళుతుంది, రోజూ వెళ్లినట్టే." లోపలి గొంతు ఎవరిదని నేను చెప్పలేదు. అది తన గురువు గారి గొంతని ఆమె తర్వాత చెప్పారు. "మా మాస్టారు వాయించి చూపించేవారు కాదు మేడమ్, పాడేవారు. పాడి, ఇది వాయించు అనేవారు." నేను ఎంత ఆలోచించినా ఇంతకంటే మంచి సూచన రాయలేకపోయేదాన్ని. వయొలిన్ గాత్రాన్ని అనుసరించాలన్నది మన పద్ధతిలో పునాది. ఆమె చికిత్స ఆమె పాఠంలోనే ఉంది.

ఇంటి సాధన పూర్తిగా మారింది. అద్దం తీసేశాం. ఖాళీ తంతుల మీద కమాను లాగడం కొంతకాలం బంద్. బదులుగా: రాగంలో ఒక చిన్న సంచారం (కొన్ని స్వరాల వరస) గొంతెత్తి పాడాలి, వెంటనే అదే వాయించాలి. కొన్నాళ్లకు పాడటం పెదవుల మీది కూనిరాగం అయింది. ఇంకొన్నాళ్లకు పెదవులు కూడా కదలకుండా లోపలే. ఈ మూడో దశకు తొందరపడవద్దని గట్టిగా చెప్పాను. లోపలి పాట మసకబారితే మళ్లీ గొంతెత్తి పాడాలి, సిగ్గుపడనక్కర్లేదు. రోజూ పడుకునే ముందు తంబుర పెట్టుకుని గాంధారం వింటూ పది నిమిషాలు స్వయంగా హిప్నోసిస్ సాధన. నా గొంతుతో రికార్డు చేసి ఇస్తానంటే వద్దన్నారు. తంబుర మీద ఎవరు మాట్లాడినా చిరాకట. సూచనలు తన మాటల్లో తానే రాసుకున్నారు. చాలామందికి ఇదే మేలని నా అనుభవం.

భయం ఎంత ఉందో ప్రతి మెట్టు దగ్గరా సున్నా నుంచి పదికి ఒక అంకె చెప్పమనేదాన్ని. మొదటి మెట్టు ఫోను: రికార్డింగు ఆన్‌లో పెట్టి ఒక్క కార్వ. ఆమె లెక్కలో అది ఆరు. ఒక్క కార్వ చాలదని, మొత్తం ఆలాపన వాయిస్తానని ఆమె పట్టుబట్టారు. వద్దన్నాను. అంకె మూడుకు దిగేదాకా అదే కార్వ. తర్వాత తమ విద్యార్థులు ఇద్దరి ముందు. ఆ తర్వాత స్నేహితురాలైన గాయని ఇంట్లో, ఆమె పాడి ఆపితే ఈమె అందుకోవడం. ఈ మెట్టు దగ్గర వారాలు పట్టింది. ఎందుకంటే అసలు ముడి అక్కడే ఉంది: గొంతు ఆగిపోయి, మౌనం వచ్చి, చూపు తన మీదకు మళ్లే క్షణం. గాయనిని ఒక సహాయం అడిగాం. చివరి షడ్జం మీద అకస్మాత్తుగా ఆపకుండా మెల్లగా సన్నబరిచి ఆపమన్నాం. కొన్ని రోజుల తర్వాత టక్కున ఆపమన్నాం. తర్వాత మధ్యలో, చెప్పకుండా.

మధ్యలో ఒక వెనకడుగు. గుడిలో చిన్న కచేరీ, జనం నలభై మంది కూడా లేరు. చాలా తేలికని అనుకున్నది. వణుకు వచ్చింది. కారణం వెతికితే, ముందు రోజు తెల్లవారుజాము దాకా ప్రయాణం, నిద్ర లేదు, కాఫీ మామూలు కంటే ఎక్కువ. మన కచేరీల్లో పక్కవాద్యాలకు ముందస్తు రిహార్సల్ ఉండదు. ఏ కీర్తనలు పాడతారో వేదిక మీదే తెలుస్తుంది. అదే సాయంత్రం ఫోను చేసి రమ్మనడం కూడా మామూలే. ఇంత ఒత్తిడి ఉన్న పనిలో నిద్ర గురించి ఎవరూ పట్టించుకోరు. వృత్తి పరిస్థితిని వదిలేసి మనసును మాత్రమే బాగుచేయాలని కూర్చుంటే చికిత్స సగంలో ఆగుతుంది. కచేరీ రోజు కాఫీ ఉదయానికే పరిమితం, ముందు రాత్రి ప్రయాణం వీలైనంత వరకు వద్దు అని రాసుకున్నాం.

అసలు పరీక్ష దసరా నవరాత్రి కచేరీ. రాగం ఖరహరప్రియ. తర్వాత కలిసినప్పుడు ఆమె చెప్పింది ఇది. గాయకుడు షడ్జం మీద ఆగారు. మొదటి కార్వ వణికింది, తక్కువే కానీ ఆమెకు తెలిసింది. ఇంతకుముందైతే అక్కడే కమాను ఎత్తేసి, చిన్న చిన్న వేగపు సంచారాలతో ఆలాపనను రెండు నిమిషాల్లో ముగించేసేవారు. ఈసారి వణుకుతున్న కార్వను మధ్యలో తెంచలేదు. లోపలి గొంతు అప్పటికే రెండో సంచారంలోకి వెళ్లిపోయింది, చెయ్యి దాని వెంట వెళ్లింది. తారస్థాయి షడ్జం మీద నిలిచినప్పుడు, "నా చెయ్యి ఎలా ఉందో చూసుకోలేదు మేడమ్, తర్వాత గుర్తొచ్చింది" అన్నారు. కచేరీ అయ్యాక మృదంగ విద్వాంసుడిని వణుకు వినిపించిందా అని అడిగితే ఆయనకు ఏమీ తెలియలేదట. రికార్డింగు నాకు వినిపించారు. నా చెవికి తొలి కార్వలో సన్నని జీర మాత్రం వినిపించింది, తెలిసి వింటే తప్ప పట్టుకోలేనంత.

ప్రస్తుతం ఆమె రెండు మూడు నెలలకోసారి వస్తారు. కార్వ వణుకు అప్పుడప్పుడూ వస్తుంది, ఎక్కువగా చలికాలంలో, ఉబ్బసం రేగినప్పుడు. దాని అంకె సాధారణంగా రెండు, మూడు. అద్దం మళ్లీ గదిలోకి వచ్చింది కానీ విద్యార్థుల కోసం. హిప్నోసిస్ సాధన ఆమె రోజూ చేయడం లేదు, కచేరీ వారంలో మాత్రమే చేస్తున్నారు. అది చాలు.

హిప్నోసిస్ ముట్టుకోనిది ఒకటుంది. మైకులో చలిజ్వరం అన్న ఆ సీనియర్ గాయకుడి పక్కన మళ్లీ కూర్చోవడం. ఆయనతో కచేరీ అంటే అంకె ఇప్పటికీ ఎనిమిదే. దాన్ని తగ్గించమని ఆమె ఒకసారి అడిగారు. నేను ఒప్పుకోలేదు. పదిమందిలో చులకన చేసే మనిషి పక్కన మనసు అప్రమత్తంగా ఉండటంలో తప్పేమీ లేదు, దాన్ని మొద్దుబార్చడం చికిత్స కాదు. ఏం చేయాలో ఆమే నిర్ణయించుకున్నారు. ఆయన తరఫున పిలుపు వచ్చినప్పుడల్లా ఆ తేదీ ఖాళీ లేదని చెబుతున్నారు.